తొమ్మిది ఉదయాల కొలత

మా క్వార్టరు స్నానాలగది గోడకి ఒక మేకు ఉండేది. ఆ మేకుకి ఒక నల్లట్ట నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన బాల్‌పెన్ను వేలాడేవి. కింద గచ్చు మీద మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పక్కనే గీతలున్న లీటరు మగ్గు. తొంభైల మొదట్లో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా ఇంట్లో దేవుడి అలమర తరవాత అంత శుభ్రంగా ఉంచుకున్న చోటు అదొక్కటే.

ఆ డబ్బాలో చేరేది నా భార్య మూత్రం. ఉదయం ఆరింటి నుంచి మర్నాడు ఉదయం ఆరింటి దాకా చేరినదంతా మగ్గుతో కొలిచి, ఆ అంకె పుస్తకంలో రాయడం నా పని. రెండు కిడ్నీలూ పాడై, మగ్గులో అడుగు తడవడమే గగనమైపోయిన మనిషికి ఆపరేషను తరవాత అదే మగ్గు రెండుసార్లు నిండేది. రెండు వేలు అని రాసిన రోజు నేను పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి చూపించేవాణ్ని. "పొద్దున్నే ఏటి చూపిస్తన్నారు, అవతల పాలు పొంగిపోతన్నాయి" అని కసురుకునేది గానీ, మొహంలో సంతోషం దాచుకోలేకపోయేది.

కిడ్నీ ఇచ్చింది మా వదిన. నా భార్యకి సొంత అక్క, పదేళ్లు పెద్ద. వాళ్లాయన లోకో షెడ్డులో ఫిట్టరు, ఆ ఊళ్లోనే తోర్వా పేటలో చిన్న ఇల్లు కట్టుకుని ఉండేవారు. ఇవ్వడానికి ఒప్పుకుంది అని చెప్తే తప్పవుతుంది. ఎవరూ అడగకముందే సంచీ సర్దుకుని మా గుమ్మంలో నిలబడింది. "రెండున్నాయంట కదా బాబూ, ఒకటి ఊరికే కూర్చుని తింటంది. దాన్ని డ్యూటీకి పంపిద్దాం" అంది. నా రక్తం గ్రూపు కలవలేదు. అది నిజం, దాని గురించి నాకు ఏ బాధా లేదు. నా బాధ వేరే ఉంది, అదే రాస్తున్నాను.

రైల్వే ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన కాగితాలు పట్టుకుని దక్షిణాదిలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. అక్కడే ఆపరేషను జరిగింది. ఇంటికి పంపించే రోజున సర్జనుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం మీద బొమ్మ గీశారు. తెలుగాయనే, మాటల్లో తొందర ఉండేది కాదు. కొత్త కిడ్నీని వీపు వైపు పెట్టరని, పొత్తికడుపులో కుడి పక్కన పెడతారని అప్పుడే తెలిసింది. రక్తం తెచ్చే నాళం ఒక అతుకు, తీసుకెళ్లే నాళం ఇంకో అతుకు, మూత్రం దిగే గొట్టాన్ని మూత్రాశయానికి కలిపింది మూడో అతుకు. ఏ అతుకైనా కారొచ్చు, పూడుకుపోవచ్చు. అవన్నీ తొలి రోజుల్లోనే తెలిసిపోతాయట, ఆ గండాలు మీకు గడిచిపోయాయి అన్నారు.

"ఇంకొకటుంది. అది ఇంటికెళ్లాక వస్తుంది" అని బొమ్మలో కిడ్నీ పక్కన చిన్న సున్నా చుట్టారు. కోత పెట్టిన చోట కంటికి కనపడని సన్నటి నాళాలు తెగుతాయి. వాటిలోంచి నీరు ఊరి, కిడ్నీ పక్కన సంచిలా చేరుతుంది. జ్వరం ఉండదు, నొప్పి కూడా చాలామందికి ఉండదు. ఆ సంచి పెరిగి మూత్రం గొట్టాన్ని నొక్కితే మూత్రం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. కాలి నుంచి వచ్చే రక్తనాళాన్ని నొక్కితే కుడి కాలొక్కటే వాస్తుంది. "తొందరగా పట్టుకుంటే చిన్న పని. సూదితో తీసేస్తాం, మళ్లీ ఊరితే చిన్న ఆపరేషను చేస్తాం. ఆలస్యమైతే కిడ్నీ నలిగిపోతుంది. అందుకే రోజూ కొలవమంటున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయండి. మీరు ఎనిమిది వందల మైళ్ల అవతల ఉంటారు, నాకు కనపడేది ఆ పుస్తకమే" అన్నారు. నేను తలూపాను. రాయడం నాకు కొత్తా? ఇరవై ఏళ్లుగా రాసి బతుకుతున్నవాణ్ని.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను కంట్రోలు ఆఫీసులో సెక్షన్ కంట్రోలరుని. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, స్టేషను మాస్టర్లు చెప్పే టైములు వింటూ, పెద్ద కాగితం మీద ఒక్కో బండికి ఒక్కో గీత గీసుకుంటూ పోవాలి. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఆ గీతే చెప్తుంది. ఇరవై నిమిషాలు ఒకే చోట పోతే పైనుంచి అడుగుతారు. ఎందుకు పోయింది, ఎవరి తప్పు, సంజాయిషీ రాయి. ఆ ఇరవైనే నాలుగు స్టేషన్లకి ఐదేసి చొప్పున పంచితే ఎవరూ అడగరు. స్టేషను మాస్టరూ, డ్రైవరూ, గార్డూ, నేనూ ఒక్క మాట మీద ఉంటే చాలు. దీన్ని మేం అబద్ధం అనుకోలేదు. సర్దడం అనేవాళ్లం. సర్దడం వచ్చినవాణ్ని మంచి కంట్రోలరు అనేవారు, నాకు చాలా మంచి పేరుండేది.

మొదటి రెండు నెలలూ నేను ఏదీ సర్దలేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. ఆదివారం ఉదయం జనం లేని వేళ చూసి, మూతికి గుడ్డ కట్టించి, నా భార్యని స్టేషను పార్సెల్ ఆఫీసుకి తీసుకెళ్లి అక్కడి కాటా మీద నిలబెట్టేవాణ్ని. "నన్ను కూడా బుక్ చేసీసి పంపించేస్తారేటి" అనేది. పార్సెల్ క్లర్కు నవ్వుతూ గుండ్లు జరిపి బరువు చెప్పేవాడు. అదీ రాసేవాణ్ని. వారానికోసారి రైల్వే ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పుస్తకం తిరగేసి, భేష్ అని సంతకం పెట్టేవాడు. పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష చేయించేవాళ్లం.

మూడో నెలలో ఎండలు ముదిరాయి. అదే సమయానికి నా సెలక్షను వచ్చింది. పై గ్రేడుకి రాతపరీక్ష అప్పటికే పాసయ్యాను, ఇక కలకత్తా వెళ్లి అధికారుల ఎదుట కూర్చుని జవాబులు చెప్పాలి. అంతకుముందు ఒకసారి ఇదే అవకాశం నా భార్య జబ్బులో పోయింది. నా కింద పని నేర్చుకున్నవాడు నాకు పైవాడై కూర్చున్నాడు. వాడి ముందు నిలబడి సెలవు చీటీ ఇచ్చిన రోజు నాకు తల తీసేసినట్టయింది. ఈసారి కూడా పోతే ఇక రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే. పైగా సెలవులన్నీ ఆసుపత్రికే అయిపోయాయి. ఇంటర్వ్యూకి పది రోజుల ముందు ఒక ఉదయం మగ్గుతో కొలిస్తే పదిహేడు వందలు వచ్చింది.

ఎండలకి చెమట పోస్తోంది కదా, అందుకే తగ్గింది అనుకున్నాను. పంతొమ్మిది వందలు అని రాశాను. చెమటకి పోయింది కూడా తనదే కదా, కలిపితే అంతే అవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మొదటి అంకె రాస్తున్నప్పుడు చెయ్యి వణికిందని చెప్తే బాగుండును, వణకలేదు.

మర్నాడు ఇంకొంచెం తగ్గింది. నేను పద్దెనిమిది వందల యాభై రాశాను. ఆ మర్నాడు మళ్లీ పంతొమ్మిది. రోజూ ఒకటే అంకె ఉంటే అనుమానం వస్తుంది, అందుకని కొంచెం పైకీ కొంచెం కిందకీ వేసేవాణ్ని. నా చేతికి బాగా అలవాటైన పని అది. తగ్గినట్టు రాస్తే కుర్ర డాక్టరు అడుగుతాడు. అడిగితే దక్షిణాదికి వెళ్లమంటాడు. వెళ్తే కలకత్తా పోతుంది. పది రోజులేగా, వచ్చాక చూద్దాం. నా ఆలోచన అంతకంటే ముందుకి పోలేదు. ఆ ఆదివారం కాటా మీద రెండు కిలోలు పెరిగింది. కుర్ర డాక్టరు పుస్తకంలో మూత్రం అంకెలు చూసి, మందులకి ఆకలి ఎక్కువవుతుంది, ఒళ్లు చేస్తోంది, మంచిదే అన్నాడు. ఆయన తప్పేముంది? నేను చూపించినదే ఆయన చూశాడు.

ఆ వారంలోనే నా భార్య కుడి కాలి చెప్పు కరుస్తోందని అంది. కొత్తవి తెస్తానని, పాత చెప్పు ఒకటి కొలతకి సంచీలో వేసుకుని గోల్ బజార్ వెళ్లాను. ఒక సైజు పెద్దవి అడిగాను. దుకాణంవాడు పాత చెప్పు చేతిలో తిప్పి చూసి, రెండూ కరుస్తున్నాయా ఒకటేనా అని హిందీలో అడిగాడు. ఒకటే అన్నాను. మనిషిని తీసుకురండి సాబ్, పాదం చూడకుండా ఎలా ఇస్తాం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పులమ్మేవాడివి చెప్పులమ్ము అని పెద్దవే తీసుకుని వచ్చేశాను.

ఆ చెప్పులు కుడి కాలికి సరిపోయాయి. ఎడమ కాలికి వదులై, నడుస్తుంటే టపటప కొట్టుకునేవి. క్వార్టరు ఈ చివర నుంచి ఆ చివరకి తను ఎక్కడుందో ఆ చప్పుడే చెప్పేది. "నీ ఒక చక్రం వదులయింది, షెడ్డుకి పంపించాలి" అని నేను ఏడిపించేవాణ్ని. తనూ నవ్వేది. సర్జనుగారు గీసిన బొమ్మ బీరువాలో ఉంది, కుడి కాలొక్కటే అన్న మాట నా చెవుల్లోనే ఉంది. అయినా నేను నవ్వాను. ఇన్నేళ్లయినా ఎవరి చెప్పులైనా టపటపలాడితే నేను అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతాను.

కలకత్తా బయల్దేరే రోజు ఉదయం కొలత తొమ్మిది వందలు. పద్దెనిమిది వందలు అని రాశాను. అది తొమ్మిదో ఉదయం. ఆ వారం చేయించాల్సిన రక్తపరీక్షని వచ్చాక చేయిద్దాం అన్నాను. నా భార్య సరే అంది. చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది, పెరుగన్నం డబ్బాలో సర్దింది. తోడుగా ఉండడానికి మా వదిన తోర్వా నుంచి వచ్చింది.

ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా గుర్తు లేదు. బాగా చెప్పాననే అనుకుంటాను, ఎందుకంటే ఆ తరవాత సెలక్షను లిస్టులో నా పేరు వచ్చింది. మూడో రోజు ఉదయం బిలాస్‌పూర్‌లో దిగి, మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికి వస్తే తలుపుకి తాళం. పక్క క్వార్టరావిడ ఎదురొచ్చి, నిన్ననే రిక్షాలో రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లారని చెప్పింది.

వార్డు గుమ్మంలోనే మా వదిన పట్టుకుంది. "ఏటి బాబూ, దాని కాలు చూసేవా? నిన్న స్నానం చేయిస్తంటే చూసేను. కుడి కాలు అరటి బోదెలాగుంది, ఎడం కాలు మామూలే. బొటనవేలితో నొక్కితే గుంట పడిపోయి అలాగే ఉండిపోనాది. మగ్గు కొలిస్తే సగం కూడా నేదు. అచ్ఛా, ఇదేటి మంచి లెక్క కాదులే అని తీసుకొచ్చీసేను" అంది. చదువు రాని మనిషి. తన కిడ్నీకి ఏదో అవుతోందని ఒక్క పూటలో పట్టేసింది.

రక్తపరీక్షలో కిడ్నీ పని తగ్గిపోయిందని తేలింది. కుర్ర డాక్టరు పుస్తకం తెమ్మంటే ఇంటికి పరిగెత్తి తెచ్చాను. పేజీలు తిప్పి, "మూడు రోజుల క్రితం దాకా బాగానే ఉందే, ఉన్నట్టుండి పడిపోయింది" అన్నాడు. చెప్పడానికి అదే మొదటి అవకాశం. వదిన నా పక్కనే ఉంది. నేను అవునండీ అన్నాను.

ఆ మధ్యాహ్నమే పాసు, బెర్తులు దొరికాయి. వదినకి ఇంకా బరువు పనులు, ప్రయాణాలు వద్దన్నారు కాబట్టి ఆవిడ ఉండిపోయింది. మేమిద్దరమే బయల్దేరాం. ఒకటిన్నర రోజు ప్రయాణంలో కాళ్లు వేలాడేసి కూర్చుని కూర్చుని నా భార్యకి ఎడమ కాలు కూడా ఉబ్బింది. ఆసుపత్రి చేరేసరికి రెండు కాళ్లూ ఒకలాగే కనిపించాయి. ఒక్క కాలు వాపు అనే గుర్తు కూడా అలా చెరిగిపోయింది, ముందు వాచింది కుడి కాలేనని నేను చెప్పలేదు. ఇక మిగిలింది పుస్తకం.

సర్జనుగారు ఊళ్లో లేరు, సోమవారం వస్తారన్నారు. ఆయన దగ్గర పనిచేసే ఒక డాక్టరమ్మ మమ్మల్ని చేర్చుకుంది. నేను రాసిన అంకెలన్నీ కేసు షీటులోకి ఎక్కించుకుంది. రెండు మూడు రోజుల్లో ఇలా ఒక్కసారిగా పడిపోయిందంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొడుతోందేమో, దానికి మందు వెంటనే మొదలుపెట్టాలి, ఆగితే ప్రమాదం అంది. పెద్ద మోతాదు ఇంజెక్షన్లు ఎక్కించడం మొదలుపెట్టారు. స్కానింగుకి సోమవారం నంబరు దొరికింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ పక్క మంచాల వాళ్లకి నా పుస్తకం ఎత్తి చూపించి, "ఇదిగో, రాస్తే ఇలా రాయాలి. ఇంత నీటుగా రాసిన పుస్తకం నేను చూడలేదు" అంది. పక్క మంచం పెద్దాయన పుస్తకం చేతిలోకి తీసుకుని గౌరవంగా నా వైపు చూశాడు.

ఆ రోజంతా నేను వరండాలో తిరిగాను. చెప్తే ఏమంటారు? పోలీసులకిస్తారా? మళ్లీ ఈ ఆసుపత్రిలో కాలు పెట్టనిస్తారా? నిజంగా ఇలాంటి చచ్చు భయాలే. మర్నాడు ఉదయం రెండో ఇంజెక్షను ఎక్కుతుంటే నా భార్య మొహం కందగడ్డలా అయింది. గుండె దడగా ఉందని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని డాక్టరమ్మ వెనక పరిగెత్తాను.

"అమ్మా, ఆ అంకెలు నిజం కాదు."

"ఏ అంకెలు?"

"చివరి తొమ్మిది రోజులవి. అప్పటికే తగ్గుతూ వచ్చింది. నేనే పెంచి రాశాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను వెంటబెట్టుకుని మంచం దగ్గరికి వచ్చి, కలం తీసింది. "నిజమైనవి చెప్పండి. ఒక్కసారిగా పడిందా, మెల్లగా తగ్గిందా, నాకు అదే కావాలి."

నేను నోరు తెరిచాను. ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు. మొదటి రోజు పదిహేడనుకుంటా, చివరి రోజు తొమ్మిది. మధ్యలో ఏడు రోజులు నేను కొలిచింది కొలిచినట్టే పారబోశాను, బుర్రలోంచి కూడా. రాసిన అబద్ధాలు మాత్రం వరసగా గుర్తున్నాయి.

అప్పుడు మంచం మీద నుంచి నా భార్య చెప్పింది. కళ్లు మూసుకునే, మెల్లగా. "పదిహేడు వందలు. పదహారున్నర. పదహారు. పదిహేను. పద్నాలుగు. పదమూడు. పన్నెండు. పదకొండు. ఆయన కలకత్తా ఎల్లిన రోజు తొమ్మిది."

డాక్టరమ్మ రాసుకుంది. ఆ అంకెలు మెట్లు దిగినట్టు దిగాయి. ఆవిడ దుప్పటి తొలగించి, కుట్ల పక్కన పొత్తికడుపు మీద చేత్తో నొక్కి చూసింది. తరవాత రెండు పిక్కలకీ టేపు చుట్టి కొలిచింది. రెండూ వాచినా కుడిది వేలెడు ఎక్కువ. సోమవారం దాకా ఆగలేదు. తనే స్కానింగు గదికి వెళ్లి, ఎవరినో బతిమాలి, ఆ మధ్యాహ్నమే చేయించింది. తెర మీద కిడ్నీ పక్కన నల్లటి మడుగు కనిపించింది. సర్జనుగారు గీసిన సున్నా కన్నా చాలా పెద్దది.

డాక్టరమ్మ వెళ్లాక నా భార్య చెవి దగ్గరికి వంగి అడిగాను. "నీకు తెలుసా?"

"రోజూ మీకన్నా ముందు నేనే చూసేదాన్ని కదండీ. మీరు రాసింది కూడా చూసేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"మీ పరీక్ష అవనీ అనుకున్నాను. ఎండకే తగ్గి ఉంటాది, మళ్లీ పెరుగుతాదిలే అనుకున్నాను. కిందటిసారి నా గురించే పోయింది కదా."

నా ప్రమోషన్ కోసం తన ప్రాణాన్ని వెనక్కి నెట్టింది తను. నేనూ అదే చేశాను. కాకపోతే తను నెట్టింది తన ప్రాణాన్ని, నేను నెట్టింది కూడా తన ప్రాణాన్నే. నేను ఆ మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చాను. "ఊరుకోండి, అందరూ చూస్తన్నారు" అని నా జుట్టులో వేళ్లు పెట్టింది.

ఇంజెక్షన్లు ఆపేశారు. స్కానింగులో చూస్తూ సూది గుచ్చి ఆ నీరు తీస్తే, ఎండుగడ్డి రంగులో సీసా నిండింది. ఆ సాయంత్రానికే మూత్రం జోరుగా వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. వారం తిరిగేసరికి మళ్లీ ఊరింది. అప్పుడు సర్జనుగారు రెండో ఆపరేషను చేశారు. ఆ నీటి సంచికి కడుపు లోపలి వైపు కిటికీలాంటిది కోసి పెడితే, ఊరిన నీరంతా కడుపులోకి జారి అక్కడ ఒంట్లోనే ఇంకిపోతుందట. ఆ పని సరిగ్గానే జరిగింది, నీరు మళ్లీ చేరలేదు. కాని పెద్ద మోతాదు మందులు ఒంట్లో ఉండగా పెట్టిన కోత తొందరగా మానలేదు, చీము పట్టింది. నెలన్నర అక్కడే ఉన్నాం. కిడ్నీ పని కూడా మునుపటి మెట్టుకి చేరలేదు, ఒక మెట్టు కిందే ఆగిపోయింది.

ఆలస్యం వల్లేనా అని సర్జనుగారిని అడిగాను. ఖచ్చితంగా చెప్పలేం అన్నారు. కొన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నా అలాగే అవుతాయట. ఆయన మంచితనం ఆయనది. ఆ మాట పట్టుకుని నిద్రపోగలిగేంత తెలివితక్కువ వాణ్ని కాను నేను.

ఇంటికి వచ్చిన మర్నాడు ఉదయం నేను మగ్గు దగ్గరికి వెళ్లేసరికి నా భార్య అక్కడుంది. పుస్తకం చేతిలో ఉంది. "ఇకనుంచి నేను రాసుకుంటానండి" అంది. కోపంగా అనలేదు. నేను పెన్ను దారం విప్పి ఇచ్చేశాను. రైల్వే స్కూల్లో హిందీలో చదువుకున్న మనిషి, హిందీ అంకెల్లోనే రాసేది. ఒకరోజు తను లేనప్పుడు నేను పుస్తకం తీసి, నా తొమ్మిది అంకెల పక్కన తను చెప్పిన తొమ్మిదీ పెన్సిలుతో రాశాను. అలా రాస్తే ఏదో తీరుతుందనుకున్నాను.

వదిన ప్రతి ఆదివారం వచ్చేది. "ఎంత వస్తందే నాది" అని అడిగేది. నాది అనే అనేది, కిడ్నీ అనేది కాదు. దక్షిణాదిలో ఏం జరిగిందని అడిగితే నీరు చేరిందట, తీశారట అని చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆరేళ్లు గడిచాక ఆ కిడ్నీ మెల్లమెల్లగా పని మానేసింది. ఆ రోజుల్లో వదిన ఒకటే మాట పట్టుకుంది. "నేనే మంచిది ఇవ్వలేదు బాబూ. ఇన్నేళ్లూ శనివారాలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసాలున్నాను కదా, లోపల ఎండిపోయి ఉంటాది. ఎండిపోయిందాన్ని దానికి అంటగట్టేను." నేను ఊరుకోండి వదినా, అలా ఏమీ ఉండదు అనేవాణ్ని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నా భార్య పోయిన రోజున కూడా ఆవిడ అదే అని ఏడుస్తుంటే, నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

సంవత్సరీకం పెట్టిన తరవాత ఒక మధ్యాహ్నం తోర్వా నుంచి కబురు పంపింది. చెల్లెలి చేతిరాత ఉన్న పుస్తకం ఒకసారి చూడాలనిపిస్తోందట. స్కూటరు మీద తీసుకెళ్లాను. వరండాలో చాప మీద కూర్చుని, హిందీ అంకెలున్న పేజీల మీద వేలు పెట్టి నడిపించుకుంటూ పోయింది. చదవడం రాకపోయినా ప్రతి గీతా తడిమింది. తరవాత వెనక్కి తిప్పుతూ తిప్పుతూ నా పేజీల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇదేటి బాబూ, ఇక్కడ లైనుకి రెండేసి ఉన్నాయి? ఒకటి పెన్ను, ఒకటి పెన్సిలు."

అంతా చెప్పాను. మగ్గు, కలకత్తా, చెప్పులు, ఆ తొమ్మిది ఉదయాలు. తలెత్తకుండా, చాప అంచు పీకుతూ చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చెప్పడం అయిపోయాక, ఇప్పుడు చెప్పుతో కొడుతుంది, కొట్టనీ అనుకుని కూర్చున్నాను.

ఆవిడ అడిగింది. "అయితే నాది మంచిదేనా?"

"మంచిదే వదినా. డాక్టర్లు చాలా మంచి కిడ్నీ అన్నారు."

"శనివారాల వల్ల కాదన్నమాట."

"కాదు."

ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నా మీద కోపమో, ఇన్నేళ్ల బరువు దిగినందుకో నాకు తెలియలేదు. పుస్తకం మూసి, అట్ట మీద అరచెయ్యి ఆనించి, నన్ను చూడకుండానే చెప్పింది.

"అది పోయే ముందు రోజు దాని కాళ్లు పట్టుకున్నాను బాబూ. పాడైపోయింది ఇచ్చేనే, తప్పు కాసుకోవే అన్నాను. నీ తప్పు కాదే అక్కా, నీ తప్పు కాదే అని ఒకటే మాట. మరెవరి తప్పే అని అడిగేను. కళ్లు మూసీసుకుంది."